వినుకొండ బస్సులో పరామర్శ

మధ్యాహ్నం మూడూ ఇరవైకి నరసరావుపేటలో వినుకొండ బస్సు కదిలింది. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. ఎండ అటువైపే పడుతోంది కాబట్టి ఆ సీటు ఎవరికీ అక్కర్లేదు. నాకు మాత్రం అదే కావాలి. కిటికీ పక్కన కూర్చుంటే ఒకవైపు మనిషి నుంచి దాచుకుంటే చాలు.

దాచుకోవలసింది అరచేతిలో పట్టే ఒక ఆట యంత్రం. అది రెండువేల ఏడు, మిరపకోతల రోజులు. నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. అమ్మా నేనూ మా ఊళ్ళోనే ఉండేవాళ్ళం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. రోజూ ఆ బస్సులోనే వెళ్ళి వచ్చేవాణ్ణి. పాతికేళ్ళవాణ్ణి, పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెట్టేవాణ్ణి, బస్సులో బొమ్మలాట ఆడుతూ కనబడితే ఏం బాగుంటుంది? అందుకని ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని, దాని మూతి తెరిచి, లోపల యంత్రాన్ని పట్టుకుని సంచిలోకి తొంగి చూస్తూ ఆడేవాణ్ణి.

దాన్ని మా కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకునే సహోద్యోగి ఇచ్చాడు. మాటల్లో ఒకసారి, చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ఆట ఉండేదనీ, నలుగురు చిన్న మనుషులు పచ్చటి నేల మీద నడుస్తూ ఊరూరా తిరుగుతారనీ, పేరు కూడా గుర్తులేదనీ చెప్పాను. అతను నవ్వి, మర్నాడు ఈ యంత్రం తెచ్చాడు. "మీరు చెప్పింది ఇదే సార్. పాత ఆటే, మళ్ళీ కొత్తగా చేశారు. పిల్లలాట. చూసి ఇచ్చేయండి" అన్నాడు. పిల్లలాట అన్నందుకు నేనూ నవ్వాను. సాయంత్రం బస్టాండులో దాన్ని ఆన్ చేస్తే మొదటి పాట వినిపించింది. గబుక్కున శబ్దం తగ్గించి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను.

పాత ఆట మా ఇంటికి అన్నయ్య తెచ్చాడు. వినుకొండలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టు ఎత్తేస్తూ, అక్కడ మిగిలిన సామాను తెలిసినవాళ్ళకు పంచిపెట్టారు. అన్నయ్యకు టీవీ గేమూ, దాంతో పాటు నాలుగైదు క్యాసెట్లూ వచ్చాయి. తుపాకుల ఆటలు ముందే ఎవరో పట్టుకుపోయారు. ఇది మాత్రం ఎవరికీ పట్టలేదు. ఇందులో పరిగెత్తడం లేదు, ఎగరడం లేదు. అన్నీ ఇంగ్లీషు మాటలు. ఊళ్ళోకి వెళ్తే ఒక్కొక్కరూ ఏదో చెబుతారు, అది చదివి ఎక్కడికి వెళ్ళాలో తెలుసుకోవాలి. అన్నయ్య ఇంటర్ తప్పి పొలం చూసుకుంటున్నాడు. నేను పదో తరగతిలో ఉన్నాను. "నువ్వు చదువు, నేను కొడతా" అన్నాడు. అదే మా ఒప్పందం.

ఆటలో నలుగురికీ మనమే పేర్లు పెట్టాలి. ముందు నడిచేవాడికి అన్నయ్య తన పేరే పెట్టుకున్నాడు. నాలుగు అక్షరాలకు మించి చోటు లేదు. అతని పేరు మధ్యలో తెగిపోయి, ఎవరూ పిలవని పేరు తయారైంది. రెండోవాడు నేను. మిగతా ఇద్దరికీ మా ఎడ్ల పేర్లు.

ఎక్కడిదాకా ఆడామో ఆ క్యాసెట్టు గుర్తుపెట్టుకోవాలి. కానీ దాని లోపలి బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. టీవీ గేము ఆపితే మళ్ళీ మొదటి ఊరే. అందుకని టీవీ ఆపేసి, గేమును మాత్రం ఆన్‌లోనే వదిలి, దాని ఎర్రలైటు మీద తువ్వాలు కప్పేవాళ్ళం. అడాప్టరు వెచ్చగా ఉంటుందని పిల్లి వచ్చి దాని మీద పడుకునేది. ఇంత చేసినా మా ఊళ్ళో కరెంటు ఎంతసేపు ఉంటుంది? పోగానే అంతా పోయేది. మళ్ళీ పేర్లు పెట్టడం దగ్గర్నుంచి మొదలు. అలా ఆ ఆటలో మొదటి రెండు ఊళ్ళూ, వాటి పక్కన చిత్తడినేల కింద ఉండే ఒక గుహా తప్ప మాకేమీ తెలియదు. ఆ గుహ దాటి మేము ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆ గుహలో పాములుండేవి. కరిస్తే అడుగడుగుకీ ప్రాణం తగ్గిపోతుంది. ముందు నడిచేవాడే ముందు పడిపోయేవాడు. అప్పుడు అన్నయ్య గట్టిగా అరిచేవాడు.

"ఒరేయ్, నేను పోయాన్రా!"

వంటింట్లోంచి గరిటెతో సహా అమ్మ వచ్చేది. ఉప్పు అయిపోయిందని కూడా అనని మనిషి అమ్మ. నిండుకుంది అంటుంది. దీపం ఆరిపోయిందని అనదు, కొండెక్కింది అంటుంది.

"సందేళ అవేం మాటల్రా? నోరు కడుక్కో ముందు!"

"ఆటలోనే అమ్మా."

"ఆటలో అయితే మాత్రం? నోటితోనేగా అన్నావు!"

"మరి ఏమనాలి?"

"కొండెక్కానని అను."

అన్నయ్యకు ఆ మాట తెగ నచ్చింది. అప్పట్నుంచి పడిపోయినప్పుడల్లా వంటింటి వైపు తిరిగి, "అమ్మా, నీ పెద్దకొడుకు కొండెక్కాడే!" అని కేకవేసేవాడు. "కొండెక్కితే దిగిరా, అన్నం చల్లారిపోతంది" అని అమ్మ అక్కడినుంచే అనేది.

తొంభై తొమ్మిది వానాకాలంలో అన్నయ్యకు జ్వరం వచ్చింది. గుంటూరు తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చాం. వారం తిరక్కుండా ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు.

నేను ఏడవలేదు. ఎందుకో నాకు తెలియదు. మా మామయ్య నా భుజం మీద చెయ్యేసి, "వీడు గట్టోడు, అమ్మని చూసుకుంటాడు" అన్నాడు. అది నాకు అప్పగించిన పని అనుకున్నాను. పెళ్ళికాని పిల్లవాడని పెద్దవాళ్ళు మూడోనాటి చిన్నదినంతోనే సరిపెట్టారు. పదకొండో రోజున పెద్దదినం చెయ్యలేదు, బంధువుల్ని పిలవలేదు, భోజనాలు పెట్టలేదు. అమ్మ ఏమీ అనలేదు. ఆ తరువాత ఊళ్ళో ఎవరూ అమ్మ ముందు అన్నయ్య మాట ఎత్తలేదు. అది ఆమె మీద దయ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

కొత్తగా చేసిన ఆట నాకు మొదట నచ్చలేదు. చెట్లకు ఆకులున్నాయి, నీళ్ళు మెరుస్తున్నాయి. మాకు అది వట్టి నీలంరంగు, దాన్నే సముద్రం అనుకునేవాళ్ళం. ఇందులో ఎక్కడ కావాలంటే అక్కడ ఆట భద్రం చేసుకోవచ్చు, కరెంటుతో పనిలేదు. అన్నీ సులువుగా ఉన్నాయి. ఇంత సులువైన ఆట కోసమా మేము అన్నిసార్లు మొదటినుంచీ మొదలుపెట్టింది అనిపించింది. ఒక్కటి మాత్రం నేను అనుకోలేదు. ఇందులో పేరుకు ఎక్కువ అక్షరాలు పడతాయి. అన్నయ్య పేరు మొత్తం పట్టింది. అతని పదోతరగతి సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగుతోనే పెట్టాను.

ఆ రోజు బస్సు నరసరావుపేట చివర రైలుగేటు దాటేసరికి నేను ఆ చిత్తడినేల గుహలో ఉన్నాను. పాము కరిచింది. విరుగుడు మందు కొనుక్కోవడం మరిచిపోయాను. వెనక్కి తిరిగి ద్వారం వైపు నడిపించాను. ద్వారం కనబడుతూనే ఉంది. ముందు నడిచేవాడు పడిపోయాడు. కింద ఒక వాక్యం వచ్చింది. అన్నయ్య పేరు, పూర్తిగా, ఆ పక్కన చనిపోయాడని. పాత ఆటలో తెగిపోయిన నాలుగక్షరాల పేరుతో వచ్చేది కాబట్టి అది ఎప్పుడూ అతని పేరులా ఉండేది కాదు. ఇప్పుడు ఆసుపత్రి కాగితం మీద రాసినట్టు ఉంది.

నేను పైకే అన్నానని నాకు తెలియలేదు. "పోయాడు. అన్నయ్య పోయాడు" అన్నానట.

"ఏంది బాబూ? ఎవరు పోయారు?"

పక్కన కూర్చున్నామె నా మొహంలోకి చూస్తోంది. అమ్మ వయసు ఉంటుంది. ఒళ్ళో బట్టల మూట ఉంది. అప్పుడు తెలిసింది, నా గడ్డం మీదినుంచి కన్నీళ్ళు సంచిలోకి కారుతున్నాయని. సంచి మూతి మూసేశాను.

"మా అన్నయ్య" అన్నాను.

అబద్ధం కాదు. అంతవరకూ అబద్ధం కాదు. ఎప్పుడు అని ఆమె అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఆమె అడగలేదు. లేచి నిలబడి ముందుకు కేకేసింది.

"ఏవయ్యా కండక్టరూ, ఈ అబ్బాయి అన్న పోయాడంట! నువ్వక్కడ టిక్కెట్లు కొట్టుకుంటా కూచున్నావు!"

అదేదో అతని నేరమైనట్టు కండక్టరు పరుగున వచ్చాడు. నన్ను రోజూ చూసే మనిషే. "అయ్యో సార్, చెప్పరేంటండీ. ఇప్పుడే కబురొచ్చిందా?" అన్నాడు. నా సంచిలో సెల్‌ఫోను ఉందనీ, అందులో కబురు వచ్చిందనీ అతనే అనుకున్నాడు. నేను తల వంచుకున్నాను. తల వంచితే అవునన్నట్టే ఉంటుంది.

"డ్రైవరన్నా, సారు ఊరిదాకా ఎక్కడా ఆపమాక!"

"ఎక్కడా ఆపకపోతే ఎట్టయ్యా, నేను దిగాల్సింది మధ్యలోగా!" అని వెనకనుంచి ఒకతను అరిచాడు.

"చావుకన్నా ముఖ్యమా నీ దిగుడు?"

"అట్టయితే సరే. పోనీండి. ముందు స్టేజీలో దిగి వెనక్కి నడుస్తాలే."

ఎవరో నీళ్ళసీసా అందించారు. ఎవరో కిటికీకి తువ్వాలు అడ్డం కట్టారు. మా అన్నయ్య పోయినప్పుడు ఇంతమంది నన్ను పట్టించుకోలేదు, నేను గట్టోణ్ణి కాబట్టి. ఇప్పుడు చెప్పాలి. ఎనిమిదేళ్ళయిందండీ అనాలి. మరి ఇవాళెందుకు ఏడుస్తున్నావని అడుగుతారు. దానికి జవాబు సంచిలో ఉంది. దాన్ని తీసి ఈ బస్సులో వీళ్ళందరికీ చూపించడం కంటే చచ్చిపోవడం నయమనిపించింది. ఏడుపు దానంతటదే ఇంకా ఎక్కువైంది. దాంతో వాళ్ళ నమ్మకం గట్టిపడింది.

బస్సును స్టేజీ దాకా కూడా పోనివ్వకుండా మా ఊరి డొంకదారి మొదట్లో ఆపారు. నేను దిగాను. నా వెనకే మూటతో ఆమె దిగింది.

"మీరెందుకమ్మా, నేను వెళ్తాను" అన్నాను.

"ఒక్కడివే ఎట్టా పోతావు? దారిలో కళ్ళు తిరిగి పడితే ఎవరు చూస్తారు? మాది పై ఊరే. ఇంకో బస్సుకి పోతాలే."

డొంకకు రెండు పక్కలా కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మాట్లాడుతూ నడిచింది. దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు వాళ్ళది. సాయిబులం అంది. కోతల రోజుల్లో పరుపుల గిరాకీ ఉండదు కాబట్టి అందరితో పాటు మిరపకోతకు పోతుందట. తన తమ్ముడు పోయినప్పుడు తానూ ఇలాగే బస్సులో ఉన్నానంది. "అప్పుడు నా పక్కన ఎవరూ లేరు నాయనా" అంది.

ఆమెను మా ఇంటికి చేరనివ్వకూడదు. చేరితే అమ్మ ఎదురుగా కూర్చుని ఆ మాట అంటుంది. ఎనిమిదేళ్ళుగా ఎవరూ అమ్మ ముందు అనని మాట అది. కల్వర్టు దాటాక చెబుదామనుకున్నాను. కల్వర్టు దాటాక, మా వీధి మొదట్లో చెబుదామనుకున్నాను. ఇల్లు వచ్చేసింది.

అమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. మమ్మల్ని చూసి తలెత్తింది. ఆమె మూట కింద పెట్టి, తిన్నగా వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని, ఆ ఎర్రటి చేతులు రెండూ పట్టుకుంది.

"కొడుకు పోయాడంటగా తల్లీ."

అమ్మ నా వైపు చూసింది. అమ్మకు ఇద్దరు కొడుకులం. ఒకణ్ణి ఎదురుగా నిలబడే ఉన్నాను. నా కళ్ళు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

"పోయాడమ్మా" అంది అమ్మ.

"ఏం జబ్బు చేసింది?"

"జ్వరం."

"ఎన్నేళ్ళు?"

"ఇరవై."

"పెళ్ళయిందా?"

"లేదు. ఆ ఏడే చూద్దామనుకున్నాం."

అమ్మ చెప్పిన ప్రతి మాటా నిజమే. ఆమె చుట్టూ చూసింది. జనం లేరు, పాడె లేదు, వాకిట్లో కుంపటి లేదు. "తీసుకెళ్ళిపోయారా అప్పుడే?" అంది. "తీసుకెళ్ళారు" అంది అమ్మ. అమ్మ ఒళ్ళో మిరపకాయల కుప్ప చూసి ఆమే సమాధానం చెప్పుకుంది.

"చేతికి పనుండాలిలే తల్లీ ఇట్టాంటప్పుడు. లేకపోతే పిచ్చెక్కుద్ది. మీ వాళ్ళెవరూ లేరేంది?"

"అందరూ కోతకెళ్ళారు."

"అంతే మరి. మనిషి పోయినా కాయ ఆగదు."

ఆ మాటకు అమ్మ ఏడ్చింది. నోరు తెరిచి, పెద్దగా. మిరపకాయలు పట్టిన చేతులతో కళ్ళు తుడుచుకోబోతే ఆమె ఆ చేతులు వదలకుండా గట్టిగా పట్టుకుని, తన కొంగుతో అమ్మ మొహం తుడిచింది. పక్కింటివాళ్ళు గోడ మీదినుంచి చూసి తలలు దించుకున్నారు. నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. అమ్మ ఏడవాలని ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తోందని నాకు తెలియదు. ఆమెను చూసుకోవడమే నా పని అని నేను అనుకుంటున్నాను.

పొద్దు వాలాక ఆమె మూట ఎత్తుకుంది.

"పెద్దదినం ఎప్పుడు తల్లీ?"

ఇప్పుడిక దాటవేయడానికి లేదు. నేను నోరు తెరిచాను. అమ్మ నన్ను చూడకుండానే, "వచ్చే వారం, బుధవారం" అంది.

ఆమె సరేనంది. పరామర్శకు వచ్చినవాళ్ళు వెళ్ళొస్తానని చెప్పకూడదు. ఆమె చెప్పలేదు. వెనక్కి తిరిగి చూడకుండా డొంక వైపు నడిచింది.

అమ్మ చేతులు కడుక్కుని వచ్చి, "ఏం జరిగింది?" అంది.

చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. సంచిలోంచి యంత్రం తీసి ఇచ్చాను.

"అప్పటి ఆ టీవీ ఆటేనా?"

"అదే. కొత్తగా చేశారు."

"ఇందులో వాడేడి?"

చూపించాను. ముగ్గురు నిలబడి ఉన్నారు, ఒకడు నేల మీద పడి ఉన్నాడు.

"ఇంక లేవడా?"

"గుడికి తీసుకెళ్తే లేస్తాడు. ఆటలో అట్టా పెట్టారు."

"మరి తీసుకెళ్ళకుండా బస్సులో కూచుని ఏడ్చావా?"

తీసుకెళ్ళాను. గుహలోంచి బయటికి, చిత్తడినేల దాటి, ఊళ్ళోకి. అమ్మ నా భుజం మీదినుంచి చూస్తోంది. గుళ్ళో ముసలాయన ఏదో అన్నాడు, చిన్న పాట వచ్చింది, అన్నయ్య లేచి నిలబడ్డాడు. అమ్మ కొంచెంసేపు చూసి, "అంతేనా" అంది. చాట దగ్గరికి లాక్కుని మళ్ళీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

"రేపు వాళ్ళ ఊరెళ్ళి చెప్పొస్తాను అమ్మా, రావద్దని."

"ఏమని చెప్తావు?"

నేను చాటలోంచి ఒక కాయ తీసుకుని తొడిమ తీశాను.

"వాడికి అప్పుడు పెద్దదినం చెయ్యలేదుగా. రానీ" అంది.

ఆ మధ్య రోజులు బస్సులో ఎలా గడిచాయో చెప్పలేను. నేను ఎక్కగానే కండక్టరు ఎవరో ఒకర్ని లేపేవాడు. "సారుకి సీటివ్వవయ్యా, ఇంట్లో కష్టం జరిగింది" అనేవాడు. అమ్మగారు తింటున్నారా అని అడిగేవాడు. తింటున్నారండీ అనేవాణ్ణి. ఆ రోజు నా కోసం ముందు స్టేజీ దాకా పోయి వెనక్కి నడిచినతను ఒకసారి కనబడి నమస్కారం పెట్టాడు. నేను బస్సు మార్చాను. గంట తరువాతి బస్సుకు వెళ్ళేవాణ్ణి. యంత్రాన్ని సహోద్యోగికి తిరిగి ఇచ్చేశాను. "ఎక్కడిదాకా వచ్చారు సార్?" అన్నాడు. పెద్దగా ఆడలేదని చెప్పాను.

బుధవారం కాలేజీకి సెలవు పెట్టాను. అమ్మ తెల్లవారకముందే లేచి తలంటుకుని, పప్పు రుబ్బి గారెలు వేసింది. వంకాయ కూర, పులిహోర, పాయసం, అన్నయ్య ఇష్టంగా తినే గోంగూర పచ్చడి. పంతులు లేడు. అన్నయ్య ఫోటో కింద ఒక విస్తరి వేసి అన్నీ వడ్డించి, కాసేపు తలుపు దగ్గరగా వేసింది. తరువాత వాకిట్లో కూర్చుని ఎదురుచూశాం.

ఆమె ఎండెక్కాక వచ్చింది. వాకిట్లోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. మొహం చూడగానే తెలిసిపోయింది. దారిలో ఎవర్నో మా ఇంటి పెద్దదినం గురించి అడిగి ఉంటుంది.

"ఏం బాబూ, పంతులువంటగా నువ్వు? ఎనిమిదేళ్ళ నాటి చావుని ఇవాళ్టి చావని చెప్తావా?"

"నేను అట్టా చెప్పలేదండీ."

"కాదనీ చెప్పలేదుగా! బస్సు బస్సంతా నీకోసం నోట్లో నీళ్ళు పోసుకోకుండా కూచుందిరా నాయనా. మీ ఊళ్ళోవాళ్ళు నన్ను చూసి నవ్వారు. మతి లేనిదాననుకున్నారు."

పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం తీసేయడానికి లేదు.

"వాడిది కాదమ్మా తప్పు. బుధవారం రమ్మంది నేను" అంది అమ్మ. "నన్నెవరూ చెయ్యనివ్వలేదు అప్పుడు. నువ్వొస్తావని వండాను."

ఆమె లోపలికి చూసింది. ఫోటో, విస్తరి, ఆవిర్లు కక్కుతున్న గిన్నెలు. చాలాసేపు చూసింది.

"మాలో నలభయ్యో రోజు దాకానే. మీలో ఎనిమిదేళ్ళ దాకా ఉంటదని నాకేం తెలుసు" అంది. తరువాత చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి వైపు నడుస్తూ, "వడ్డించు తల్లీ. కోత మానుకుని వచ్చా, ఆకలేస్తంది" అంది.

అమ్మా ఆమే ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. నేను వడ్డించాను. గారెలు ఇంకా వెయ్యమని ఆమె అడిగింది. అమ్మ అన్నయ్య గురించి చెబుతూనే ఉంది. చిన్నప్పుడు పత్తికుప్ప మీద దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నది, ఇంటర్ తప్పి రెండు రోజులు మిద్దె దిగనిది. నాకు తెలియని సంగతులు కూడా ఉన్నాయి. ఆమె తింటూ నవ్వుతూ వింది. నాతో మాత్రం మాట్లాడలేదు.

మరుసటి ఏడు మిరపకోతల్లో అదే బుధవారానికి ఆమె తనంతట తానే వచ్చింది. ఆ పై ఏడూ వచ్చింది. మా ఇంట్లో గట్టిపడిపోయిన పరుపు తీసుకెళ్ళి దూది ఏకించి తెచ్చింది. నన్ను "ఏం పంతులూ, ఈ ఏడు ఎవర్నైనా చంపావా?" అని అడిగేది. అమ్మ నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. నవ్విన ప్రతిసారీ ఆ బస్సులో నేను తాగిన నీళ్ళు గుర్తొచ్చేవి.

రెండువేల తొమ్మిది చివర్లో అమ్మ పోయింది. చెప్పవలసినవాళ్ళందరికీ చెప్పాను. ఆమెకు చెప్పలేదు. వాళ్ళ ఊరు ఒక బస్సు దూరం. రెండుసార్లు బయల్దేరబోయి ఆగిపోయాను. వాకిట్లో నిలబడి మా అమ్మ పోయిందండీ అంటే, ఆమె నా మొహంలోకి చూసి ఎప్పుడు అని అడుగుతుంది. ఈసారి ఇప్పుడేనని చెప్పాలి. చెప్పాక ఆమె నమ్మడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణాన్ని ఎదురుగా నిలబడి చూడలేననుకున్నాను. పెద్దదినం ఆమె లేకుండానే జరిగింది.

మరుసటి ఫిబ్రవరిలో, ఆమె వచ్చే బుధవారం నాడు నేను కాలేజీకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి పక్కింటామె చెప్పింది. పరుపులావిడ వచ్చిందనీ, తాళం చూసి, తమనడిగి తెలుసుకుని, అరుగు మీద చాలాసేపు కూర్చుందనీ, మంచినీళ్ళిస్తే కూడా తాగలేదనీ. నాకేమైనా చెప్పమందా అని అడిగాను. ఏమీ చెప్పలేదంది.

ఆమె మళ్ళీ రాలేదు. నేను వెళ్ళలేదు. మా ఇంట్లో ఆ బుధవారం ఇప్పుడు ఎవరికీ విస్తరి వెయ్యడం లేదు.